ఆరుగురు, ఒక్క బుధవారం: గుంపుగానా, విడివిడిగానా?

(అక్టోబరు. ఆరుగురు స్నేహితులకి పారిస్ చూడ్డానికి దొరికింది ఒక్కరోజు. సోమవారం ఓర్సే మ్యూజియం, మంగళవారం లూవ్ర్ మ్యూజియం మూసి ఉంటాయి. బుధవారమైతే లూవ్ర్ రాత్రి 9 దాకా ఉంటుందని ఆ రోజే ఖాయం చేసుకున్నారు. తేలనిది ఒక్కటే.)

వాణి: రోజంతా కలిసే తిరగాలి. దేశం కాని దేశం, భాష రాదు. విడిపోతే వెతుక్కోడానికే పొద్దు చాలదు.

ప్రసాద్: ఆరుగురం కలిసి కదిలితే అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళదే మన నడక. ఒకరు టాయిలెట్‌కి వెళ్ళొచ్చేసరికి ఇంకొకరికి గుర్తొస్తుంది. మెట్రో గేటు దగ్గరా అంతే. నావిగో ఈజీ అనే ప్రయాణ కార్డు ఒకరు దాటి వెనకవాళ్ళకి అందిస్తే కుదరదు, మనిషికొకటి ఉండాల్సిందే. ఆరు కార్డులు, ఆరు రీఛార్జులు!

వాణి: అవి ముందురోజు రాత్రే చేయించుకుంటే సరి. విడిపోవడానికి అదొక సాకా?

ప్రసాద్: సరే, అది వదిలేస్తున్నా. పొద్దున సేంత్ షాపెల్ చర్చి కూడా కలిసే చూద్దాం. 15 పొడవాటి రంగుటద్దాల కిటికీలు, ఎండ ఉండగా చూడాలి. అది ఉన్నది కోర్టు ఆవరణలో కాబట్టి తనిఖీ గట్టిగా ఉంటుంది. చిన్న కత్తెర, గాజు సీసా కూడా పనికిరావు. ఒక్కరి బ్యాగులో దొరికినా ఆరుగురూ నిలబడాలి, అందుకని హోటల్లోనే బ్యాగులు దులుపుకోవాలి. ఆ తర్వాత నోత్రదామ్ చర్చి. లోపలికి టికెట్ లేదు. గోపురాలెక్కాలంటే మాత్రం టైము స్లాటుతో టికెట్ కొనాలి, 424 మెట్లు. మనలో ఇద్దరికి మోకాళ్ళ నొప్పులు. వాళ్ళని ఎక్కించడం పాపం, మిగతా నలుగురినీ కింద కూర్చోబెట్టడం అన్యాయం. ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, ఆ ఇద్దరూ లోపల తీరిగ్గా చూస్తారు. లూవ్ర్‌లోనూ అదే లెక్క. నీకు మోనాలిసా కావాలి. 77 సెంటీమీటర్ల ఎత్తు బొమ్మ, ముందు నిండా జనం. నాకేమో ఈజిప్టు గదులు. నీ వెనక నేను, నా వెనక నువ్వు తిరిగితే ఇద్దరికీ సగం సగమే.

వాణి: బాగుంది. ఆరు టికెట్లూ ఎవరి ఫోన్లో ఉన్నాయి? నీ ఫోన్లో. నువ్వు గోపురం మీదుండగా ఛార్జింగ్ అయిపోతే?

ప్రసాద్: ...అది నా తప్పే. ఈ రాత్రికే ఎవరి టికెట్ వాళ్ళకి పంపిస్తా, స్క్రీన్‌షాట్ తీసుకోండి. పనిలో పని, నీళ్ళ సీసాలు కూడా ఎవరివి వాళ్ళే మోసుకోండి.

వాణి: నీళ్ళంటే గుర్తొచ్చింది. నిన్న భోజనంలో సీసాలు తెప్పించింది నువ్వే కదా! 'కరాఫ్ దో' అంటే కుళాయి నీళ్ళు ఊరికే ఇస్తారు.

ప్రసాద్: వెయిటర్ ముందు ఆ మాట పలకలేక...

వాణి: పలకలేక ఆరుగురి డబ్బూ వదిలించావు. విడిపోతే ఇంకెన్ని వదిలిస్తావో! సరే, మళ్ళీ కలిసేదెక్కడ? లూవ్ర్ గాజు పిరమిడ్ దగ్గరా?

ప్రసాద్: పిరమిడ్ మాటే ఎత్తకు! అక్కడ ఐదున్నాయి: పెద్దదొకటి, చుట్టూ చిన్నవి మూడు, భూగర్భంలో షాపుల మధ్య తలకిందులుగా ఇంకోటి. పెద్దదానికే పైన ముంగిలి, కింద హాలు. ఒకరు పైన, ఒకరు కింద, ఇద్దరూ 'పిరమిడ్ దగ్గరే ఉన్నా' అంటారు. లూవ్ర్ లోపల దారూ అనే మెట్ల పైన తల లేని, రెక్కలున్న విజయదేవత విగ్రహం ఉంది. దాని ఎడమవైపు, 8:15కి. మూసే వేళకి అరగంట ముందే గదులు ఖాళీ చేయించడం మొదలుపెడతారు.

వాణి: ఎవరైనా రాకపోతే?

ప్రసాద్: పావుగంట చూసి కదిలిపోతాం. మెట్రో లైన్ 1లో ఎత్వాల్ స్టేషన్, అక్కడ లైన్ 6 ఎక్కి మూడో స్టేషన్ ట్రొకాదెరో. అక్కణ్ణుంచి చూడాలి, పదింటికి ఈఫిల్ టవర్ మిలమిల మెరిసేది ఐదు నిమిషాలే, తప్పితే పదకొండుకి. వెనకబడ్డవాళ్ళు నేరుగా అక్కడికే రావాలి.

వాణి: ఆ 'కదిలిపోతాం' అన్నావే, అది మిగతా నలుగురికీ నువ్వే చెప్పు. నేను చెప్పను.