పెద్దవాళ్లకు పార్సిల్ కాదు, కుర్చీ కావాలి

ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు హోటల్లో తింటే మన దగ్గర ఇంకా నామోషీగానే చూస్తున్నారు. ‘కొడుకులుండి ఏం లాభం, ముసలాయన హోటల్ పాలయ్యాడు’ అనే మాట హనుమకొండలో, కరీంనగర్‌లో, జగిత్యాలలో ఏ గల్లీలోనైనా వినిపిస్తుంది. ఈ జాలి మానుకోవాలి. పొద్దున్నే చొక్కా తొడుక్కుని టిఫిన్ సెంటర్‌కు నడిచే మనిషి దిక్కులేనివాడు కాదు. ఆయనకు నలుగురిలో ఉండాలని ఉంది, అంతే.

పిల్లలు అమెరికాకో, గల్ఫ్‌కో, హైదరాబాద్‌కో వెళ్లారు. అక్కడి నుంచి ఫోన్‌లో ఆర్డర్ పెడతారు. డబ్బా గుమ్మం దాకా వస్తుంది, తెచ్చిన అబ్బాయి ఓటీపీ అడిగి వెళ్లిపోతాడు. టిఫిన్ సెంటర్‌లో అలా కాదు. ‘బాపూ, నిన్న రాలేదేంది? పానం మంచిగలేదా?’ అని అడిగే మనిషి ఉంటాడు. చెప్పకుండానే కారం చట్నీ తీసేసి ప్లేటు తెస్తాడు. ఆ పెద్దాయన రెండు రోజులు రాకపోతే ముందు అనుమానం వచ్చేది ఇతనికే.

బయటి తిండిలో నూనె, ఉప్పు ఎక్కువ, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు పడదంటారు. నిజమే. కానీ ఒక్క ప్రాణానికి పొయ్యి ముట్టించడం ఎందుకని రెండు బిస్కెట్లు తిని పడుకోవడం ఏ డాక్టరు చెప్పిన పథ్యం?

నన్ను ఎక్కువ బాధపెట్టేది అవ్వల సంగతి. పెద్ద వయసులో భార్యను పోగొట్టుకున్న మగవాళ్ల కంటే, భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లే మన దేశంలో చాలా ఎక్కువ. అయినా టేబుళ్ల దగ్గర కనిపించేది మగవాళ్లే. అవ్వ వస్తుంది, కొంగు సర్దుకుంటూ కౌంటర్ పక్కన ఓ మూల నిలబడుతుంది, రెండు ఇడ్లీలు కట్టించుకుని చేతిసంచిలో వేసుకుని పోతుంది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. కానీ ఒంటరిగా కూర్చుని తింటే అందరూ ఆమె వైపే చూస్తారు. బతుకంతా ఇంటిల్లిపాదికీ వడ్డించిన మనిషి, ఒక్కపూట ఇంకొకరు వడ్డిస్తే తినడానికి జంకుతోందంటే ఆ తప్పు ఆమెది కాదు, చూసే మనది.

అసలు కూర్చోవడానికి చోటెక్కడుంది? చాలాచోట్ల నిలబడి తినే స్టీలు టేబుళ్లే. మోకాళ్ల నొప్పులతో ఎంతసేపు నిలబడతారు? 2016లో వరంగల్ స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. ఫుట్‌పాత్‌ల మీద మాత్రం బైకులు, బండ్లు ఉంటాయి. పెద్దవాళ్లు రోడ్డు మీదే నడవాలి, దాటాలంటే టెన్షన్. ఇంక బయట బాత్రూం దొరకదని ఇల్లు దాటడమే మానేసినవాళ్లున్నారు. ఊరు ఎవరి కోసం కడుతున్నామో ఇక్కడే తెలిసిపోతుంది.

ఆసరా వృద్ధాప్య పింఛను 2019లో 2,016 రూపాయలైంది. రోజూ 40 రూపాయల టిఫిన్ తింటే నెలకు 1,200 అవుతుంది. హైదరాబాద్‌లో అక్కడి కార్పొరేషన్ 2014లోనే 5 రూపాయల భోజనం మొదలుపెట్టగలిగింది. అలాంటప్పుడు వరంగల్‌లో ప్రతి డివిజన్‌కూ పెద్దవాళ్లు కూర్చుని తినే ఒక క్యాంటీన్ బరువేమీ కాదు. కుర్చీలు, బాత్రూం, అవ్వలకు పని ఇచ్చే మహిళా సంఘం... వచ్చే బడ్జెట్‌లో కార్పొరేషన్ ముందు వీటికి డబ్బు పెట్టాలి.