అమ్మ కువైట్‌లో, ప్రాణం అమ్మమ్మ దగ్గర

మా రాజోలు వైపు గల్ఫ్ పోయినోళ్ళు లేని వీధి వెతుక్కోవాలి. మొన్న మా వీధిలో ఒకావిడ రెండేళ్ళకి కువైట్ నుంచి వచ్చింది. వెళ్ళేటప్పుడు పిల్లాడికి పది నెలలు. కారు దిగీ దిగగానే చేతులు చాపితే వాడు అమ్మమ్మ చెంగు పట్టుకుని వెనక్కి దూరిపోయాడు. చుట్టూ చేరినోళ్ళు ఊరుకుంటారా, "డబ్బు కోసం వదిలేసి పోతే అంతే మరి" అని మొదలెట్టారు. మొగాడు మస్కట్ వెళ్ళి నాలుగేళ్ళకొస్తే ఈ మాట అననే అనరు, అది వేరే సంగతి.

ఈ అటాచ్‌మెంట్, అంటే పిల్ల మనసు ఒకరిని అంటిపెట్టుకోవడం, ఆ గొడవంతా తల్లి మీద వేసేవాళ్ళు జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడి పేరు చెప్తారు, ఆయన 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి రాసిన రిపోర్టులో తల్లితోనో, తల్లి స్థానంలో నిలకడగా ఉండే మనిషితోనో పిల్లకి ఎడతెగని దగ్గరితనం ఉండాలన్నాడు, మనోళ్ళు ఆ రెండో సగం మింగేశారు. 1964లో షాఫర్, ఎమర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల్ని చూసి తేల్చింది కూడా అదే, పాలు పట్టేదెవరు అన్నది కాదు, పిల్ల పిలిస్తే పలికేదెవరు అన్నదే లెక్క, ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలకి ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురు దగ్గరోళ్ళు ఉన్నారు.

ఆ పిల్లాడి అమ్మమ్మ వాణ్ణి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోయడం నేను చూశానండి. వాడు "ఉంగా" అంటే చెంబు ఆపేసి, "ఏంటి నాన్నా, వేడిగా ఉన్నాయా" అని అడిగి, వాడు మళ్ళీ ఏదో అనేదాకా ఆగేది. బంధం అంటే ఇదే, ఇంతకంటే పెద్ద రహస్యమేం లేదు.

ఫోన్‌లో అమ్మ కూడా పలుకుతుంది గానీ పడితే లేపలేదు కదా. ఆవిడ వచ్చిన రోజు సాయంత్రం, తను అరుగు మీదే కూర్చుని ఉండగా, పిల్లాడు ఫోన్ తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టి "అమ్మకి చెయ్యి" అన్నాడంట.

నా భయం అది కాదు. ఇప్పుడు వాణ్ణి అమ్మమ్మ దగ్గర్నుంచి ఒక్కసారిగా లాగేస్తారేమో అని. "రెండ్రోజులు ఏడుస్తాడు, అలవాటైపోతాడు" అంటున్నారు. బౌల్బీతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్, తల్లికి దూరమై ఆసుపత్రిలో ఉన్న పసివాళ్ళని గమనించి ఈ వరస చెప్పాడు: ముందు ఏడుపు, తర్వాత దిగులు, ఆ తర్వాత పట్టనట్టు ఉండటం. ఆ మూడోదాన్నే మనం అలవాటు అంటాం.

లీవు రెండు నెలలుందంట, ఈ రెండు నెలలూ ఇక్కడే ఉండి అమ్మమ్మ పక్కనే మెల్లగా చేరమ్మా అన్నాను. వాళ్ళాయనేమో హైదరాబాద్‌లో ప్లేస్కూల్ సీటు మాట్లాడేశాడంట, వచ్చే సోమవారమే ప్రయాణం.