పొగాకు స్మగ్లింగ్: లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి?

ప్యాకెట్‌కు 20 సిగరెట్లు, కార్టన్‌కు 10 ప్యాకెట్లు, మాస్టర్ కేసుకు 50 కార్టన్లు. 40 అడుగుల కంటైనర్‌లో ఇలాంటి కేసులు సుమారు వెయ్యి పడతాయి, అంటే కోటి సిగరెట్లు. ఎగుమతి పేరుతో పన్ను కట్టకుండా ఫ్యాక్టరీ దాటిన ఆ సరుకు గమ్యం చేరకుండా మధ్యలో దారి మళ్లితే, ఏ చేతి నుంచి ఏ చేతికి వెళ్లాక మళ్లిందో కస్టమ్స్ అధికారి చెప్పగలగాలి. అంతర్జాతీయ సహకారం అనే మాటకు ఇక్కడ అసలు అర్థం ఇదే.

పొగాకు అక్రమ వ్యాపారాన్ని అరికట్టేందుకు దేశాల మధ్య 2012లో సియోల్‌లో కుదిరి, 2018 సెప్టెంబరు 25న అమల్లోకి వచ్చిన ప్రోటోకాల్‌లో లైసెన్సులు, ఫ్రీ జోన్లు (సుంకాల మినహాయింపు ఉండే వాణిజ్య ప్రాంతాలు), నేరస్థుల అప్పగింత వంటివి చాలానే ఉన్నాయి. వాటన్నింటికీ ప్రాణం మాత్రం 8వ అధికరణం. ప్రతి ప్యాకెట్‌కూ విడి గుర్తింపు ఉండాలి. ఎక్కడ, ఏ యంత్రం మీద, ఏ షిఫ్టులో తయారైంది, ఏ దేశంలో అమ్మడానికి ఉద్దేశించింది, తొలి కొనుగోలుదారు ఎవరు అన్నవన్నీ ఆ గుర్తు ద్వారా తెలియాలి. ఈ పనులను పొగాకు పరిశ్రమ చేయకూడదని, ప్రభుత్వాలు దానికి అప్పగించనూ కూడదని ఆ అధికరణమే స్పష్టంగా చెప్పింది. ఖర్చును పరిశ్రమ చేత పెట్టించవచ్చు. లెక్క మాత్రం దాని చేతిలో ఉండకూడదు.

ఈ షరతు ఎందుకంత ముఖ్యమో ఫ్యాక్టరీ లోపలికి వెళ్తే తెలుస్తుంది. ప్యాకెట్ కోడ్‌ను కార్టన్ కోడ్‌తో, దాన్ని కేసు కోడ్‌తో, కేసును, కేసులు పేర్చే పలక అయిన ప్యాలెట్‌తో ముడివేస్తారు. అప్పుడే ప్యాలెట్‌ను ఒక్కసారి స్కాన్ చేస్తే అందులోని వేల ప్యాకెట్ల జాడ నమోదవుతుంది. గోదాములో కేసు విప్పి వేరే పెట్టెల్లో సర్దినవాళ్లు మళ్లీ స్కాన్ చేయకపోతే ఆ ముడి అక్కడే తెగిపోతుంది. అంతకంటే పెద్ద కన్నం మొదట్లోనే ఉంది. కోడ్‌ను పుట్టించే యంత్రం కంపెనీదే అయితే, కోడ్ లేకుండా బయటికి వెళ్లినవి ఎన్నో బయటివారికి తెలిసే దారి లేదు. సిగరెట్ కంపెనీ ఫిలిప్ మోరిస్ తయారుచేసిన కోడెంటిఫై అనే ప్యాకెట్ కోడ్ల వ్యవస్థను మిగతా పెద్ద కంపెనీలూ తీసుకుని ప్రభుత్వాలకు చూపించాయి. 2016లో అది ఇనెక్స్టో అనే సంస్థ చేతికి మారింది. సంస్థ పేరు మారినంత మాత్రాన పుట్టుక మారదు.

2019 మే 20న సిగరెట్లకు ట్రాకింగ్ మొదలుపెట్టిన యూరోపియన్ యూనియన్ కూడా ఇక్కడే రాజీపడింది. డేటా నిల్వ చేసే సంస్థను తయారీదారే ఎంచుకుని, తానే డబ్బు చెల్లిస్తాడు. యూనియన్ కార్యనిర్వాహక విభాగమైన యూరోపియన్ కమిషన్ ఆమోదముద్ర వేస్తుంది. బయటి ఆడిటర్ ఉన్నా, జీతమిచ్చేవాడి మీద నిఘా ఎంత గట్టిగా సాగుతుంది?

పన్ను తగ్గిస్తే స్మగ్లింగ్ దానంతట అదే ఆగుతుందన్నది అవతలి వాదం. 1994లో కెనడా ఆ మాట విని పన్ను కోసింది. అంతకుముందు అమెరికాకు ఎగుమతైన సిగరెట్లే సరిహద్దు దాటి వెనక్కి వచ్చేవి. 2008లో అక్కడి రెండు పెద్ద సిగరెట్ కంపెనీలు ఆ దొంగ రవాణాకు సంబంధించిన నేరం ఒప్పుకుని, జరిమానాలు, పరిహారాలు కలిపి 115 కోట్ల కెనడియన్ డాలర్లు చెల్లించడానికి అంగీకరించాయి. బ్రిటన్ మాత్రం 2000లో పన్ను తగ్గించకుండానే కస్టమ్స్ సిబ్బందిని, స్కానర్లను పెంచింది. అప్పట్లో ఐదో వంతు ఉన్న అక్రమ సిగరెట్ల వాటా పదేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది.

ఇది పొగాకుతో ఆగే సమస్య కాదు. వోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లు ల్యాబ్ పరీక్షను పసిగట్టి, అప్పుడు మాత్రమే పొగను అదుపులో ఉంచేవి. బయటి పరిశోధకులు రోడ్డు మీద కొలిచాకే 2015లో ఆ గుట్టు రట్టయింది. ఎవరిని కొలవాలో వారి చేతికే కొలబద్ద ఇచ్చే అలవాటు గనుల తూకంలో, ఫ్యాక్టరీ వ్యర్థాల మీటర్లలో కూడా చూస్తున్నాం.

కాబట్టి ట్రాకింగ్ వ్యవస్థకు టెండర్ పిలిచే ఏ ప్రభుత్వమైనా ధర కంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడు: కోడ్‌ను ఎవరు పుట్టిస్తారు, ఉత్పత్తి లైను మీది కౌంటర్‌కు ఎవరి సీలు ఉంటుంది, సర్వర్ బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది.