గోడ మీద సుద్దతో రాసిన పేర్లు

2016 నవంబరు మొదటి వారంలో షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ స్టేడియం బయటి ఇటుక గోడ నిండా సుద్దరాతలే. కింద చోటు అయిపోయాక ఒకరి భుజాలెక్కి ఒకరు రాశారు. అక్కడి సొంత జట్టు కబ్స్, అమెరికా బేస్‌బాల్‌లో ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌ను 108 ఏళ్ల తర్వాత గెలిచిన రోజులవి. ఆ గోడ మీద ఆటగాళ్ల పేర్ల పక్కనే చనిపోయిన నాన్నల పేర్లు, అమ్మల పేర్లు, తాతల పేర్లు. ఈ ఒక్క గెలుపు కోసం ఎదురుచూస్తూనే పోయినవాళ్లు.

ఒకాయన వేరే రాష్ట్రం నుంచి గంటల తరబడి కారు నడుపుకుంటూ తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు. కబ్స్ వరల్డ్ సిరీస్‌కొస్తే కలిసి కామెంటరీ విందామని తండ్రీకొడుకులు ఎప్పుడో మాట ఇచ్చుకున్నారట. చీకట్లో సమాధి పక్కన కూర్చుని ఆఖరి మ్యాచ్ విన్నాడు. బేస్‌బాల్ మ్యాచ్ అంటే మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్. అవి ముగిసేసరికి 6-6. 17 నిమిషాలు వాన. పదో ఇన్నింగ్స్‌లో 8-7తో గెలుపు.

ఒక ఆట మనిషి బతుకులోకి ఇంతగా ఎలా వచ్చేస్తుంది? రోజూ ఉండటమే కారణమని నా నమ్మకం. ఒక్కో జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. వసంతంలో మొదలై ఆకులు రాలే కాలం దాకా దాదాపు రోజూ ఆటే. వంటింట్లో రేడియో మోగుతూ ఉంటుంది, గిన్నెలు కడగడం ఆగదు. ఏడాదికోసారి వచ్చేది పండగ. రోజూ వచ్చేది ఇంటి మనిషి. అందుకే ఉద్యోగం పోయిన ఏడాది, పెద్దమ్మాయి పుట్టిన ఏడాది, జట్టు చిత్తుగా ఓడిన ఏడాది అన్నీ ఒకే క్యాలెండర్‌లో కలిసిపోతాయి. 2011 ఏప్రిల్ 2 రాత్రి ధోని సిక్స్ కొట్టినప్పుడు పక్కన ఎవరున్నారో మనవాళ్లను అడిగి చూడండి. స్కోరు మరిచిపోయి ఉండొచ్చు, ఆ మనిషిని మాత్రం మరిచిపోరు.

గెలుపే లెక్కయితే కబ్స్‌కు అభిమానులే మిగలకూడదు. ఎర్నీ బ్యాంక్స్ 1953 నుంచి 1971 దాకా 19 సీజన్లు ఆ ఒక్క జట్టుకే ఆడాడు. 512 హోమ్ రన్లు (మన సిక్స్ లాంటివి) కొట్టినా ఒక్క వరల్డ్ సిరీస్ కూడా ఆడలేదు. 2015 జనవరిలో కన్నుమూశాడు. షికాగో ఆయన్ను మిస్టర్ కబ్ అని పిలుచుకుంది. ఫలితంతో పనిలేకుండా పొద్దున్నే లేచి డ్యూటీకెళ్లే తమ నాన్నలను జనం ఆయనలో చూసుకున్నారనిపిస్తుంది.

కానీ ఇదే అద్దంలో వికారమైన ముఖం కూడా కనిపించింది. 2003 అక్టోబరు 14న ఫ్లోరిడా మార్లిన్స్‌పై కబ్స్ 3-0 ఆధిక్యంలో ఉంది. ఇంకో ఐదుగురిని అవుట్ చేస్తే 1945 తర్వాత తొలిసారి వరల్డ్ సిరీస్‌లో అడుగుపెట్టేది. ఫౌల్ బాల్ ఒకటి, అంటే హద్దు గీత బయటికి పోయిన బంతి, గ్యాలరీ వైపు వచ్చింది. కబ్స్ ఫీల్డర్ దాన్ని పట్టబోతుంటే గ్యాలరీలో చాలామంది చేతులు చాచారు. తగిలింది మాత్రం ఒక అభిమాని కుర్రాడి చేతికి, ఫీల్డర్‌కు క్యాచ్ దక్కలేదు. ఆ తర్వాత జట్టు చేతికొచ్చిన బంతిని వదిలి, ఆ ఇన్నింగ్స్‌లోనే ఎనిమిది పరుగులు ఇచ్చుకుంది. మర్నాడు ఇంకో మ్యాచ్ కూడా ఓడింది. అయినా తప్పంతా ఆ కుర్రాడిదే అన్నారు. ఇంటి దగ్గర పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. సొంత బతుకులో తీరని కోపాలన్నీ తెచ్చి ఒక్క మనిషి నెత్తిన పోశారు. దీన్ని అభిమానం అనడానికి నాకు మనసొప్పదు.

2017లో కబ్స్ యాజమాన్యం అతనికి ఆటగాళ్లకిచ్చినలాంటి ఛాంపియన్‌షిప్ ఉంగరం ఇచ్చింది. అప్పటికి 14 ఏళ్లు గడిచాయి.