దయచేసి ఎవరూ తిరిగి రావద్దు

ట్రాఫిక్ లేని రోడ్డు ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరో ఒకరు పనిగట్టుకుని తయారు చేయాలి. మన దగ్గర ఆ పనికి ఫ్లైఓవర్లు కడతారు. కట్టినకొద్దీ ట్రాఫిక్ పెరుగుతుంది, మళ్లీ ఇంకోటి కడతారు. ఫ్రాన్స్ వాళ్లు తెలివైనవాళ్లు. రోడ్డు జోలికి పోకుండా మనుషుల్ని తీసేశారు. నూట డెబ్బై ఏళ్లు పట్టిన మాట నిజమే కానీ, ఫలితం చూశాక ఆ ఆలస్యాన్ని క్షమించవచ్చు.

ఆ దేశం నడుమ మాసిఫ్ సెంట్రాల్ అనే పాత కొండల ప్రాంతం ఉంది. దానికి పడమటి వైపు లిమూజాన్ సీమలో మిల్‌వాష్ పీఠభూమి. ఎక్కడా వెయ్యి మీటర్ల ఎత్తు దాటదు. గ్రానైట్ ఇళ్లు, ఫిర్ చెట్ల అడవులు, కాలు పెడితే దిగబడే బురద నేలలు, ఎర్రటి లిమూజాన్ ఆవులు. సైకిల్ మీద గంటల తరబడి వెళ్లినా ఎదురుగా కారు రాదు. ఈ రాకపోవడమే ఇప్పుడు అక్కడ అమ్మకానికి ఉన్న సరుకు. కొనడానికి వచ్చేవాళ్లను గ్రావెల్ సైక్లిస్టులు అంటారు.

గ్రావెల్ సైకిల్ అంటే రేసు సైకిల్ లాగా వంగిన హ్యాండిల్, నలభై మిల్లీమీటర్లు, ఆపైన లావున్న టైర్లు, మంచి మోటార్‌సైకిల్ వచ్చేంత ధర. దాని మీద కంకర దారుల్లో తిరగడమే ఈ క్రీడ. మన పల్లెల్లో పాలవాళ్లు, పోస్ట్‌మన్లు బతుకంతా చేసింది ఇదే. అది క్రీడ అని వాళ్లకు చెప్పినవాళ్లు లేక, జీతం తీసుకుని ఊరుకున్నారు.

నేను గ్రావెల్ పక్షం. కాబట్టి ఈ ప్రశాంతతను మాకు సమకూర్చిన మహానుభావులకు ముందుగా కృతజ్ఞతలు చెప్పుకోవడం ధర్మం. మొదటి వరుసలో తాపీ మేస్త్రీలు. ఈ లిమూజాన్ సీమలోనే ఉన్న క్రూజ్ జిల్లా మగవాళ్లు ఏటా వసంతంలో పనిముట్లు మూటగట్టుకుని కాలినడకన పారిస్ దారి పట్టేవాళ్లు, చలికాలానికి ఇల్లు చేరేవాళ్లు. ఇవాళ మనం ఫోటోల్లో చూసి మురిసిపోయే పారిస్ వీధుల్లో వాళ్ల చెమట చాలానే ఉంది. మార్తాన్ నదో అనే పిల్లాడు 1830లో పద్నాలుగేళ్లకే తండ్రి వెంట అలా బయల్దేరి, మేస్త్రీ అయ్యి, చివరికి పార్లమెంటు సభ్యుడయ్యాడు. రైలు వచ్చాక వెళ్లడం సులువైంది, తిరిగి రావడం మాత్రం తగ్గింది. 1851లో క్రూజ్ జనాభా 2 లక్షల 87 వేలు. ఇప్పుడు 1 లక్ష 15 వేల దగ్గర ఉంది. ఆ వెళ్లినవాళ్ల మునిమనవలు ఇప్పుడు పారిస్ రింగు రోడ్డు మీద హారన్లు కొడుతూ మా వంతు ట్రాఫిక్‌ను కూడా తామే భరిస్తున్నారు. ఇంతకన్నా త్యాగం ఏముంటుంది?

రెండో వరుసలో మొదటి ప్రపంచ యుద్ధం. జనాన్ని తగ్గించే పని మేస్త్రీల వలస నెమ్మదిగా చేస్తుంటే, ఇది నాలుగేళ్లలో ముగించింది. ప్రతి ఊళ్లోనూ చనిపోయిన సైనికుల స్మారక స్తంభం, దాని మీద ఒకే ఇంటిపేరుతో ముగ్గురేసి నలుగురేసి కుర్రాళ్లు. గ్రావెల్ సైక్లిస్టులు సైకిల్ ఆనించి ఫోటో తీసుకోవడానికి ఆ స్తంభాలు చాలా అనువుగా ఉంటాయి. జాన్‌తియూ ఊళ్లోది మాత్రం కొంచెం ఇబ్బంది పెడుతుంది. 1922లో పెట్టిన ఆ విగ్రహం ఒక అనాథ బడి పిల్లాడిది. టోపీ చేతిలో పట్టుకుని, రెండో చెయ్యి పిడికిలి బిగించి లేపి ఉంటాడు. పక్కన రాయి మీద "యుద్ధం పాడుగాను" అని చెక్కి ఉంటుంది. అక్కడ సైకిల్ ఆనించడానికి ఎందుకో మనసొప్పదు. ఫోటో కూడా సరిగా రాదు.

ఆ దగ్గర్లోనే లా కుర్తీన్ సైనిక శిబిరం ఉంది. 1917లో ఫ్రాన్స్ తరఫున పోరాడడానికి వచ్చిన వేలాది మంది రష్యన్ సైనికులు "ఇక చాలు" అని తిరగబడింది అక్కడే. ఫిరంగుల సాధన కోసం కేటాయించిన ఆ మైదానంలోనూ ట్రాఫిక్ లేదు. అయితే ఆ దారిని సిఫారసు చేయలేను.

దారుల సంగతికి వద్దాం. ఇది సున్నితమైన విషయం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ పీఠభూమి మీద చెట్లు చాలా తక్కువ. గొర్రెలు మేసే బీడు భూములే ఎక్కువ. గొర్రెల కాపర్లు వెళ్లిపోయారు. పట్నంలో స్థిరపడ్డ వారసులు ఖాళీగా ఉన్న పొలాల్లో ఫిర్, స్ప్రూస్ నాటించారు. 1946లో ప్రభుత్వం అడవుల పెంపకానికి జాతీయ నిధి పెట్టి డబ్బు కూడా ఇచ్చింది. నేడు సగానికి పైగా అడవే. మనిషి కంటే చెట్టు మంచి పౌరుడు, బడి అడగదు, ఆసుపత్రి అడగదు. అయితే నలభై యాభై ఏళ్లకు దాన్ని నరకాలి. నరికిన దుంగలను మోసుకెళ్లే లారీల కోసం కొండల్లో కంకర పోసి దారులు వేశారు. "లోకం మరిచిన దారి" అని మేం ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని మరీ వెతుక్కుంటూ వచ్చేది ఆ లారీ రోడ్డుకే. లోకం దాన్నేమీ మరవలేదు, ప్రతి దుంగకూ లెక్క రాసుకుంటోంది. ఈ నిజాన్ని మా బృందాల్లో ఎవరూ బయటికి అనరు. మలుపు తిరగ్గానే దుంగల లారీ ఎదురైతే "ఇక్కడ వీడికేం పని?" అని మొహాలు చిట్లించుకుంటాం.

ఆ మాటకొస్తే సైక్లింగ్ చరిత్రలోనే ఈ తిక్క ఉంది. ఈ పీఠభూమికి తూర్పున ఉన్న క్లెర్మాన్ ఫెరాన్‌లో 1889లో మిషెలిన్ కంపెనీ పుట్టింది. సులువుగా ఊడదీసి బిగించగలిగే సైకిల్ టైరుతో 1891లో పేరు తెచ్చుకుంది. తర్వాత తొమ్మిదేళ్లకే కార్లవాళ్ల కోసం గైడు పుస్తకం అచ్చువేసి పంచింది. సైకిల్ మీద పెంచిన పేరును కారు చేతిలో పెట్టేసింది. మాసిఫ్ సెంట్రాల్ తూర్పు అంచున సాంత్ ఎతియెన్ ఊళ్లో పోల్ ద వివీ అనే పెద్దాయన ఉండేవాడు. గేర్లు ఉంటే మామూలు మనిషి కూడా కొండలెక్కగలడని ఊరూరా ప్రచారం చేసి సైకిల్ యాత్రలకు ఆద్యుడయ్యాడు. ఎన్ని కనుమలు ఎక్కినా ఏమీ కాలేదు. 1930లో సొంత ఊరి వీధిలో ట్రామ్ గుద్ది చనిపోయాడు. మా పక్షం వాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

మిల్‌వాష్‌లో బళ్లు ఎప్పుడూ బారులు తీరలేదని కాదు. 2008 నవంబరు 11 తెల్లవారుజామున తార్నాక్ అనే చిన్న ఊరికి వంద మందికి పైగా పోలీసులు దిగారు (మన తార్నాక జంక్షన్ గుర్తొచ్చి ఉలిక్కిపడకండి). హైస్పీడు రైళ్ల కరెంటు తీగలను పాడు చేశారన్న అనుమానంతో, కలిసికట్టుగా కిరాణా కొట్టు నడుపుతున్న కొందరు యువతీ యువకులను పట్టుకెళ్లారు. పదేళ్లు కేసు నడిచాక 2018లో కోర్టు ప్రధాన ఆరోపణలు కొట్టేసింది. వాళ్లు చేసిన అసలు నేరం నాకు తెలుసు. ఖాళీ అవుతున్న ఊళ్లోకి కాపురానికి వచ్చారు, మూతపడాల్సిన కొట్టును నడిపించారు. ఇలాంటివాళ్ల వల్లే ఊళ్లు నిలబడతాయి. ఊళ్లు నిలబడితే కార్లు తిరుగుతాయి.

నిజానికి ట్రాఫిక్ లేదన్న ఈ సీమలో కారు లేని ఇల్లు వెతికితే గానీ దొరకదు. రొట్టెల కొట్టు పక్క ఊళ్లో, డాక్టరు ఆ పక్క జిల్లాలో, బడి ఇంకెక్కడో. రైలు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. అటు ఆర్దెష్ జిల్లాలో కొండ లోయల వెంట తిరిగే చిన్న రైలును 1968లో ఆపేశారు. పట్టాలు పీకేసిన ఆ బాటే ఇప్పుడు దోల్చే వియా అనే పేరుతో సైకిళ్ల దారి. చదునైన కంకర, సొరంగాలు, వంతెనలు, మెల్లటి ఎత్తు, ఎంత హాయో చెప్పలేను. రైలు ఎక్కాల్సిన అవ్వ ఏమైందని ఎవరూ అడగరు. ఏమవుతుంది, కారు నేర్చుకుంది. 2018 జులైలో ఆ కారు వేగానికి గంటకు 80 కిలోమీటర్ల హద్దు పెట్టారు, ఆ ఏడాదే డీజిల్ మీద పన్ను పెంచుతామన్నారు. నవంబరుకల్లా పసుపు కోట్లు తొడుక్కుని జనం దేశమంతటా కూడళ్లలో నిరసనకు కూర్చున్నారు. మేం కూడా పసుపు కోట్లు తొడుక్కుంటాం, వేటగాళ్లు మమ్మల్ని అడవి పంది అనుకోకుండా. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆదివారాలు అడవిలో తుపాకులు మోగుతాయి మరి.

ఇక నీళ్లు. బాటిల్ ఖాళీ అయిందంటే ఊళ్లో కేఫ్ మూసి ఉంటుంది, తెరిచే రోజు కాగితం మీద ఉండదు. అనుభవం ఉన్న సైక్లిస్టు నేరుగా శ్మశానానికి వెళతాడు. సమాధుల మీద పూలకుండీలకు పోయడానికి అక్కడ కుళాయి దాదాపు తప్పకుండా ఉంటుంది. ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అని మనవాళ్లు ముసలితనం గురించి అన్నారు కానీ, గ్రావెల్ సైక్లింగ్‌కు సరిగ్గా అతుకుతుంది. ఆ ఊళ్లో మాకు ఆతిథ్యం ఇచ్చే జనాభాలో ఎక్కువ మంది అక్కడే ఉన్నారు.

ఈ పరిస్థితిని ఇలాగే కాపాడాలని ఫ్రాన్స్ ప్రభుత్వానికి ఒక విజ్ఞప్తి పంపుతున్నాను. వెళ్లిపోయినవాళ్ల వారసులెవరూ తిరిగి రాకూడదు. ఇంటి నుంచి పని చేసుకుంటాం, మేకలు పెంచి జున్ను చేసుకుంటాం అంటూ వచ్చే యువ దంపతులను మర్యాదగా సరిహద్దు దాకా సాగనంపాలి. దుంగల లారీలు రాత్రిపూటే తిరగాలి, గుంతలు మాత్రం పొద్దుటికల్లా పూడ్చాలి. మా కార్లకు మినహాయింపు ఉండాలి, ఎందుకంటే పైన రెండేసి సైకిళ్లు కట్టుకుని పారిస్ నుంచి మేం రావడానికి వేరే మార్గం లేదు. మాది ట్రాఫిక్ కాదు, రాక.

మిగిలిన బళ్ల విషయంలో మా సంఘంలో తర్జనభర్జన జరిగింది. పోస్టాఫీసు పసుపు వ్యాన్‌ను రద్దు చేయవచ్చని తీర్మానించాం, ఉత్తరాలు రాసేవాళ్లు ఎలాగూ తగ్గారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న స్పేర్ టైర్లు ఆ వ్యాన్‌లోనే వస్తాయని ఎవరో గుర్తు చేయడంతో తీర్మానం వాయిదా పడింది. రొట్టెల వ్యాన్ తిరగాలి, కానీ హారన్ కొట్టకూడదు. అది వచ్చినట్టు ముసలివాళ్లకు ఎలా తెలుస్తుందంటే, వాళ్లు గేటు దగ్గరే నిలబడి ఉండాలి, అది ఫోటోలకు కూడా బాగుంటుంది. ఇంటింటికీ తిరిగి ఇంజెక్షన్లు చేసే నర్సు కారు మీద మాత్రం ఏకాభిప్రాయం వచ్చింది. దాన్ని అనుమతిస్తాం. కంకర మీద జారిపడితే మోకాలికి కట్టు కట్టేవాళ్లు ఒకరుండాలి. అయితే సభ్యులు పన్నెండు నుంచి రెండు గంటల మధ్య పడకుండా జాగ్రత్తపడాలి, ఆ టైములో అక్కడ భోజనం చేస్తారు.