ఎన్ఎఫ్‌సీ పేరు చెప్పి కృష్ణ ఒడ్డు తవ్వుతామంటే ఎట్లా?

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు వెళ్లినప్పుడల్లా ఎన్ఎఫ్‌సీ (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్) గోడ చూస్తే నాకు గర్వంగానే ఉంటుంది. 1971లో మొదలైన ఈ అణు ఇంధన కర్మాగారంలో పసుపు పొడిగా వచ్చిన యురేనియాన్ని శుద్ధి చేసి, చింతగింజ కంటే కాస్త పెద్ద నల్లటి బిళ్లలుగా అదిమి, 1,700 డిగ్రీల కొలిమిలో కాల్చి, జిర్కోనియం గొట్టాల్లో నింపి సీలు వేస్తారు. అలాంటి 19 గొట్టాలు కలిపితే అరమీటరు కట్ట. పెద్ద రియాక్టర్లకైతే 37. కైగా, కాక్రపార్ అణు విద్యుత్ కేంద్రాలు నడిచేది ఇలాంటి కట్టలతోనే.

నా పేచీ ఆ ఫ్యాక్టరీతో కాదు, "దానికి ముడిసరుకు కావద్దా?" అంటూ నల్లగొండ జిల్లాలో యురేనియం గనులకు అనుకున్న లంబాపూర్, పెద్దగట్టు పేర్లు మళ్లీ ఎత్తేవాళ్లతో. ఆ గనుల మీద 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, 2019 సెప్టెంబర్ 16న నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. వాళ్లకు జవాబు ఆ ఫ్యాక్టరీ చరిత్రలోనే ఉంది. మొదట్నుంచీ దానికి యురేనియం వచ్చింది ఎక్కడో జార్ఖండ్‌లోని జాదూగూడ నుంచి, జిర్కోనియం ఇసుక కేరళ, తమిళనాడు తీరాల నుంచి, 2008 అణు ఒప్పందాల తర్వాత యురేనియం కజకిస్తాన్ నుంచి కూడా. పక్కూళ్లో గని లేదని పని ఆగలేదు.

సొంత ఖనిజం లేకపోతే పరాయి దేశాల దయ మీద బతకాలి అంటారు. 2008కి ముందు ఇంధనం చాలక రియాక్టర్లను తక్కువ సామర్థ్యంతో నడిపిన మాట నిజమే. అందుకని ఎక్కడ పడితే అక్కడ తవ్వుతారా?

పెద్దగట్టు ఉన్నది సాగర్ జలాశయం ఒడ్డున. అంటే హైదరాబాద్ తాగే కృష్ణ నీళ్ల పక్కన. అక్కడ టన్ను రాయి తవ్వితే దక్కేది కిలో అటూఇటూ యురేనియం, మిగతాదంతా రేడియం కలిసిన బురదగా శుద్ధి ప్లాంటు దగ్గరే ఉండిపోతుంది, తరాల తరబడి.

నల్లగొండోళ్లకు నీళ్ల గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే చాలు, ఏళ్లు గడిచేకొద్దీ ఎముకల్లో చేరుతుంది. మర్రిగూడ వైపు మా పెద్దనాయన బోరు నీళ్లతోనే పెరిగాడు. నలభై దాటకముందే నడుం వంగిపోయింది. మబ్బు పట్టిందో లేదో చూడాలన్నా గోడ పట్టుకుని ఒళ్లంతా వెనక్కి వాల్చాల్సి వచ్చేది. కృష్ణ నీళ్లు ఊరికి చేరేసరికి ఆయన లేడు.

మా పెద్దమ్మ ఉంది. నల్లా కింద బిందె నిండాక, "ఇవి కృష్ణ నీళ్లేనా బిడ్డా?" అని అడిగిగానీ ఇప్పటికీ గ్లాసు ముంచదు.