బొమ్మ సాగితే సరిచేయాల్సింది ఫైల్‌ని కాదు

టీవీకి కంప్యూటర్ తగిలించి సినిమాలు చూసేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: "వైడ్‌స్క్రీన్ టీవీలో బొమ్మ సాగినా, నల్లపట్టీలు వచ్చినా రిమోట్‌తో ఫుల్ లేదా జూమ్ పెట్టండి. కంప్యూటర్ రిజల్యూషన్ 1920×1080 చేయండి. అంచులు తెగితే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్ జరపండి. అప్పటికీ కుదరకపోతే ఫైల్‌ని 16:9కి కన్వర్ట్ చేసి పాతది డిలీట్ చేయండి." ఇందులో రెండో మాట సగం నిజం. మిగతావి బొమ్మని పాడుచేసేవే. ఆఖరి మాట నమ్మితే మళ్లీ బజారులో దొరకని సినిమాలు చేజారిపోతాయి.

ముందు నల్లపట్టీల సంగతి. అవి లోపం కానే కాదు. మన టీవీ తెర వెడల్పు ఎత్తుకి 1.78 రెట్లు, 16:9 అంటే ఇదే. స్కోప్ సినిమా వెడల్పు ఎత్తుకి దాదాపు 2.35 రెట్లు. ఫుల్ హెచ్‌డీ తెర మీద అలాంటి సినిమాకి 1080 వరుసల్లో 817 చాలు, మిగిలినవి పైనా కిందా నల్లగా ఉండాల్సిందే. జూమ్ పెట్టి నింపారంటే రెండు పక్కలా కలిపి దాదాపు పావు వంతు బొమ్మ పోతుంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. ఫ్రేము ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడే షాట్లు తీయడానికే ఆ వెడల్పు. దాన్ని ఇంట్లో కూర్చుని మనమే కత్తిరించుకోవడం ఏం న్యాయం?

ఇక 'ఫుల్'. సినిమాస్కోప్ రాకముందటి నలుపు తెలుపు సినిమాలు ఎక్కువగా 4:3కి, అంటే నాలుగు పాళ్ల వెడల్పుకి మూడు పాళ్ల ఎత్తుకి, దగ్గర్లో ఉంటాయి. వాటిని 16:9కి లాగితే ప్రతి ముఖమూ అడ్డంగా మూడో వంతు లావెక్కుతుంది. క్లోజప్‌లో హీరోయిన్ నుదుటి బొట్టు చూడండి, గుండ్రంగా ఉండాల్సింది పడుకోబెట్టిన కోడిగుడ్డులా కనిపిస్తుంది. జూమ్ న్యాయంగా పనికొచ్చేది ఒక్కచోటే: వెడల్పు బొమ్మని 4:3 చట్రంలో ఇరికించి పంపినప్పుడు నాలుగు వైపులా నలుపు వస్తుంది, అప్పుడు.

1920×1080 మాట సగం నిజం అన్నాను కదా. కంప్యూటర్ నుంచి 16:9 ఆకారం వెళ్లడం మంచిదే. 1366×768 ప్యానెల్ ఉన్న టీవీలో కూడా దానితో ఆకారం చెడదు, అక్షరాలు మాత్రం కాస్త మసకబారతాయి. పాత 42 అంగుళాల ప్లాస్మాలు కొన్నింటిలో ప్యానెల్ 1024×768, తెర మాత్రం 16:9. అక్కడ ఒక్కో పిక్సెలే చదరంగా కాక అడ్డంగా ఉంటుంది. కంప్యూటర్‌లోనూ 1024×768 పెడితే, టీవీ దాన్ని తెరంతా పరిచినప్పుడు బొమ్మ సాగుతుంది. అయితే డెస్క్‌టాప్ సరిగ్గా ఉన్నంత మాత్రాన సినిమా సరిగ్గా రావాలని లేదు. తప్పు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. పెయింట్‌లో షిఫ్ట్ నొక్కిపట్టి ఒక పెద్ద వృత్తం గీయండి. టేపు తెచ్చి తెర మీద అడ్డం, నిలువు కొలవండి. రెండూ సమానంగా లేకపోతే తప్పు టీవీ పిక్చర్ సైజులోనో, గ్రాఫిక్స్ స్కేలింగ్‌లోనో ఉంది. సమానంగా ఉండి సినిమా ఒక్కటే సాగితే చూడాల్సింది ప్లేయర్‌నీ, ఫైల్‌నీ. వీఎల్‌సీ ప్లేయర్‌లో 'ఎ' మీటా, కోడీ ప్లేయర్‌లో 'జడ్' మీటా నొక్కుతూ పోతే ఆకారాలు మారతాయి. ఎవరో పొరపాటున నొక్కి వదిలేయడమే అసలు కారణం కావచ్చు.

అంచులు తెగడం ఓవర్‌స్కాన్ వల్ల. పిక్చర్ ట్యూబు టీవీల కాలం అలవాటు అది, ఇప్పటికీ కొన్ని టీవీలు బొమ్మని కాస్త పెద్దది చేసి అంచులు తెర బయటికి నెట్టేస్తాయి. సలహాలో చెప్పినట్టు స్లైడర్‌తో 5 శాతం తగ్గించారనుకోండి, కంప్యూటర్ 1920×1080ని 1824×1026కి కుదిస్తుంది, టీవీ దాన్నే మళ్లీ సాగదీస్తుంది. రెండు సార్లు నలిగాక అక్షరాలు మసకబారక ఏమవుతాయి? ఆపాల్సింది టీవీలోనే. ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్', సోనీలో 'ఫుల్ పిక్సెల్', సామ్‌సంగ్‌లో 'స్క్రీన్ ఫిట్' లాంటి పేర్లతో ఉంటుంది. కొన్నిట్లో ఆ ఇన్‌పుట్ పేరు 'పీసీ' అని మార్చినా చాలు. ఆ తర్వాత స్లైడర్‌ని సున్నాకి తెచ్చేయండి.

అసలు ప్రమాదం కన్వర్ట్ చేయమనడంలో ఉంది. మన దేశపు టీవీ పద్ధతి పేరు పాల్, ఆ పద్ధతి డీవీడీలో బొమ్మ 720×576 పిక్సెల్స్. 4:3 సినిమా అయినా అంతే, 16:9 సినిమా అయినా అంతే. ఏ ఆకారంలో చూపాలో చెప్పే చిన్న గుర్తు ఒకటి వేరుగా ఉంటుంది. దాన్ని చదివిన ప్లేయర్ మొదటిదాన్ని 768×576గా, రెండోదాన్ని 1024×576గా పరుస్తుంది. ఆ గుర్తు పోయినా, తప్పు పడినా 16:9 సినిమాలో మనుషులంతా సన్నగా, పొడుగ్గా అయిపోతారు. పిక్సెల్స్ మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంటాయి. అలాంటి ఫైల్‌ని కన్వర్టర్‌లో వేస్తే బొమ్మంతా మళ్లీ కుదింపుకి గురై నాణ్యత తగ్గుతుంది. ఆకారం తప్పుగా ఎంచుకుంటే ఆ సాగుడు సినిమాలోనే శాశ్వతంగా అచ్చయిపోతుంది. పాతది డిలీట్ చేశాక ఇక చేసేదేం లేదు.

కావాల్సింది ఆ గుర్తు మార్చడమే. ఫైల్ ఎంకేవీ రకం (పేరు చివర .mkv ఉండేది) అయితే ఎంకేవీటూల్‌నిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వీడియో ట్రాక్ ఎంచుకుని, యాస్పెక్ట్ రేషియో దగ్గర 16/9 అనో 4/3 అనో రాసి కొత్త ఫైల్ చేయండి. వీడియోని మళ్లీ ఎన్‌కోడ్ చేయదు, డేటాని ఉన్నదున్నట్టు కాపీ చేస్తుంది. కాబట్టి గంటలు పట్టదు, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. కొత్తది మొదలు, మధ్య, చివర ఆడించి చూసుకునేదాకా పాత ఫైల్ జోలికి పోకండి.